తలుపు తీసి ఉంచమ్మా

అసురసంధ్య... దీపాలు పెట్టే వేళ, దుష్టశక్తులు ఒళ్ళు విరుచుకునే వేళ! కారుమబ్బులు కమ్మిన ఆకాశం ఉరుముతోంది. వంటింటి కిటికీ మీద గుడ్లగూబ ఒకటి వచ్చి వాలింది, దానికీ అక్కడేదో పనున్నట్టు.

కూరలు తరుగుతున్న తల్లి చేతిలోంచి కత్తి జారింది. కనుగుడ్లు తెల్లబడ్డాయి. పొడిజుట్టులోంచి నీళ్ళు... నదినీళ్ళు... ధారకట్టాయి. ఆమె నోట ఆమెది కాని గొంతు పలికింది.

"వచ్చేస్తున్నా. తలుపు తీసి ఉంచమ్మా."

ఆపైన ఊపిరాడని పెనుగులాట... ఆపైన నిశ్శబ్దం. భర్త ఆమెను ఒళ్ళో పడుకోబెట్టుకుని తల తుడిచాడు. పోయిన వానాకాలంలో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు వంతెన మీంచి స్కూటర్‌తో సహా నదిలో పడిపోయింది. బయలుదేరేముందు ఫోన్లో అన్న ఆఖరి మాట అదే.

అతను ఓ చిన్న పత్రికలో విలేఖరి. ఆ రోజు ఆఫీసులో ఇంకెవరూ లేక, కన్నబిడ్డ చావువార్త తనే రాశాడు. ఆ ఆఖరి మాటతో సహా రాశాడు. ఎవరు పోయినా పేజీ ఆగదు కదా!

ఆ వార్తను మింగినవాడొకడున్నాడు. ఊళ్ళో వార్తల సైటు నడిపే అతన్ని అందరూ వేళాకోళంగా మాంత్రికుడనేవారు. ఒక్క ముక్క రాయడు, ఒక్క గడప తొక్కడు, అయినా సైటు నిండా వార్తలే. అందరి రాతలూ అతని కంప్యూటర్ దానంతటదే లాక్కొచ్చి, రాసినవాళ్ళ పేర్లు చెరిపేసి, చుట్టూ ప్రకటనలు అతికించేది. ఆ వేళాకోళమే నిజమని ఎవరికీ తెలియదు.

భార్య ఒళ్ళు మరిచే ప్రతి సంధ్యలోనూ ఆ పాత వార్త కొత్త తేదీతో ఆ సైటులో ప్రత్యక్షమవుతోందని పసిగట్టిన రోజున, విలేఖరి అతని మేడమెట్లెక్కాడు.

గది నిండా తెరల నీలికాంతి. నడుమ, నెత్తుటి తిలకంతో... కపాలం! తెరమీద కూతురి ఫోటో. పక్కనే సబ్బు ప్రకటన.

మాంత్రికుడు దాచలేదు సరికదా, గొప్పగా చెప్పుకున్నాడు. ఉత్త చావువార్తను నాలుగు రోజుల్లో మరిచిపోతారట. అదే చచ్చినవాళ్ళను రప్పించి మళ్ళీ చంపితే, ఆ ఆక్రందనకు జనం తమకు తెలియకుండానే వచ్చి వాలుతారట. అయినవాళ్ళు ఏడుస్తూ రాసిన అక్షరాలే ఆత్మకు పాశమట. తండ్రి అతని కాళ్ళమీద పడ్డాడు.

"నాదేముంది ఇందులో? ప్రతి అక్షరం నువ్వు రాసిందేగా," అన్నాడతను కాళ్ళు వెనక్కి లాక్కుంటూ.

మెట్లు దిగుతుంటే ఆ మాటే విలేఖరి మనసులో గుచ్చుకుంది. కట్టినవి తన అక్షరాలైతే విప్పేవీ తనవే కావాలి. తన పత్రికలో ఏది వచ్చినా ఆ కంప్యూటర్ మింగుతుంది. అందులో ఏముందో అక్కడ చదివే నాథుడే లేడు.

ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పాడు.

"అది విలవిల్లాడుతుందని తెలుసండీ. అయినా రోజంతా ఆ వేళ కోసమే చూస్తున్నా. దాని గొంతు వినపడుతుంది కదా." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "రాసేయండి. ఎన్నిసార్లని చస్తుంది పిల్ల."

మర్నాడు మధ్యాహ్నం, జన్మలో అబద్ధం రాయని ఆ విలేఖరి తన పత్రిక సైటులో ఓ చిన్న వార్త పెట్టాడు. వంతెన మీంచి పడిపోయిన అమ్మాయి ఈ సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరింది. వాళ్ళమ్మ తలుపు తీసే ఉంచింది.

సంధ్య వాలింది. మాంత్రికుడు మంత్రం అందుకున్నాడు. కపాలం నోరు తెరిచింది... పిలిచింది... ఎవరూ రాలేదు! తెరలన్నిటా ఒకటే వార్త, ఇల్లు చేరింది, ఇల్లు చేరింది! పిలిచాక ఒక ప్రాణం మింగనిదే శాంతించని ఆ క్షుద్రశక్తి గదంతా వెతికింది. ఆ గదిలో ఉన్నది ఒక్క ప్రాణమే. పిడుగు పడినట్టు కపాలం పగిలి, తెరల్లోంచి నది దూకింది. మేడమీద గదిలో ఆ మనిషి మునిగి చచ్చాడు.

అదే క్షణాన ఈ ఇంట్లో తలుపు బార్లా తెరిచి ఉంది. తడి అడుగులు గడప దాటి, కూతురి గది దాకా నడిచి, మెల్లగా ఆరిపోయాయి.

తప్పువార్తకు సవరణ రాయమంది పత్రిక. అతను రాయనన్నాడు, ఉద్యోగం పోయింది.

మర్నాడు సంధ్యవేళ తల్లి కత్తి కింద పెట్టి కూర్చుంది. ఉరుములు లేవు, గుడ్లగూబ లేదు. చీకటి పడింది. ఏ గొంతూ పలకలేదు.

"తలుపు వేసేయనా?" అని అడిగాడు భర్త.

"ఇంకాసేపు ఉండనివ్వండి," అందామె.