రెండో మిషన్

వాకాడు బస్టాండు పక్కన కంప్యూటర్లు బాగుచేసే తహీర్‌కు ఉదయం పది గంటలకు చాంద్ బాషా ఫోన్ చేశాడు.

"మా పిల్ల మెహక్ ల్యాప్‌టాప్‌లో ఇంటి లెక్కలు తెరుచుకోవాలంటే నాలుగు నిమిషాలు పడతా ఉంది. వచ్చి చూడు."

"గూడూరులో చూపించుకోండి మామా."

"ఇద్దరు చూసినారు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించినారు. అట్టనే ఉంది. అది నువ్వు ఎక్కించిచ్చిందే గదా. నువ్వే చూడు."

తహీర్‌కు ఒళ్ళు మండింది. రెండేళ్ళ నాలుగు నెలల కిందట, నిశ్చితార్థం రోజున, ఒక్క మాట అన్నందుకు నలభై మంది ముందు ఉంగరం తీసి పళ్ళెంలో పడేసింది ఆ మెహక్. అప్పటి నుంచి ఆ ఇంటివాళ్ళు ఒక్కరూ పలకరించలేదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే గుర్తొచ్చాడు.

వెళ్ళకూడదనుకున్నాడు. వాన పడుతుంటే గొడుగు కూడా వెతుక్కోకుండా వెళ్ళాడు.

మెహక్ టైలరింగ్ షాపులో కుట్టు మిషన్ ఒకటే. దాని వెనక ఆమె. గుమ్మంలో చేపల గంప దించుకుని, జాకెట్ కోసం వచ్చిన మస్తానమ్మ బల్ల మీద కూర్చుని ఉంది.

మెహక్ తలెత్తలేదు. "చెప్పులు బయట."

"తెలుసు."

"తెలిస్తే ఇడువు."

తహీర్ విడిచాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని లెక్కలు తెరిచాడు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. తహీర్ ఒక్కసారి పక్కకు చూశాడు. కత్తెర చప్పుడు పెరిగింది.

"చూపు దాని మీద పెట్టు," అంది మెహక్.

"తిరిగే చక్రంలో ఏముంది చూసేదానికి?"

"రోజూ నేను చూస్తా ఉండా గదా. ఒక్కరోజు నువ్వూ చూడు."

"ఈలోపల నేను చేపలు తోమి కూర ఒండుకోనొస్తా గదమ్మే," అంది మస్తానమ్మ.

తహీర్ వైరస్ స్కాన్ ఆపి చూశాడు. అప్పుడూ నాలుగు నిమిషాలే. తెరవగానే నెట్‌లో బంగారం ధర తెచ్చుకునే ఏర్పాటు తీసేశాడు. పది సెకన్లు తగ్గింది. చివరికి కొత్తగా ఖాళీ ఫైలు ఒకటి చేసి, అదే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాడు. ఆరు సెకన్లు.

"ల్యాప్‌టాప్‌లో తప్పు లేదు. సాఫ్ట్‌వేర్‌లో లేదు. నీ ఫైల్లోనే ఉంది," అన్నాడు గెలిచినవాడిలా.

"నీకు తప్పెప్పుడూ నా దాంట్లోనే కనపడతాది."

"నలభై మంది ముందు ఉంగరం పడేసింది నేనా?"

"నలభై మంది ముందు ఆ మాట అన్నది నేనా?"

మస్తానమ్మ బల్లను కాస్త ముందుకు జరుపుకుంది. "ఏం మాటమ్మే?"

"ఆయన్నే అడుగక్కా."

తహీర్ తెర వైపు తిరిగాడు. ఆ రోజు పెద్దలు "పెళ్ళయినాక పిల్ల షాపు సంగతేంది" అని అడిగారు. "ఇంక షాపెందుకు, మూసేస్తాది" అన్నాడు. పెద్దలు మెచ్చుకోవాలని నవ్వుతూ అన్నాడు. మెహక్‌ను అడగలేదు. పెద్దలు మెచ్చుకున్నారు కూడా. ఆ మాత్రం దానికి ఉంగరం తీస్తుందా అని అతను ఈ రోజుకీ రగులుతూనే ఉన్నాడు.

కోపంగానే ఆమె ఫైలు మళ్ళీ తెరిచి, లోపల ఒక్కొక్కటీ వెతికాడు. రిమైండర్ల దగ్గర ఆగిపోయాడు. గడువు దాటినవి ఎనిమిది వందల యాభై రెండు. అన్నీ ఒకటే.

'మెహక్‌కి రెండో మిషన్ కోసం. రోజుకు యాభై. తహీర్.'

తనే టైపు చేశాడు, నిశ్చితార్థానికి పదకొండు రోజుల ముందు. షాపు పెద్దది కావాలని. రోజూ పొద్దున 'యాభై వేశావా' అని అది అడుగుతుంది. 'వేశాను', 'తర్వాత', 'తీసెయ్' అని మూడు బటన్లు. మొదటి పదకొండు రోజులూ 'వేశాను'. ఆ తర్వాత అన్నీ 'తర్వాత'.

తహీర్ మౌస్ వదిలేశాడు. షాపు పెంచుతానని రాసింది ఈ చెయ్యే. పన్నెండో రోజున దాన్ని మూసేస్తాదన్నది ఈ నోరే. ఇన్నాళ్ళూ అన్యాయం తనకే జరిగిందనుకున్నాడు.

"తెరిచినప్పుడల్లా వీటన్నిటినీ లెక్కపెట్టుకుంటా ఉంది. అందుకే ఆలస్యం," అన్నాడు. గొంతు తగ్గింది. "తీసెయ్ అని ఒక్కసారి నొక్కుంటే పోయేది గదా."

కత్తెర ఆగింది. "నొక్కబుద్ధి కాలా."

"రోజూనా?"

"రోజూ. కోపంతోనే నొక్కినా 'తర్వాత' అని. సంతోషపడబాక."

"వాడూ అంతేలేమ్మే," అంది మస్తానమ్మ. "మూడు సంబంధాలు తిప్పి పంపినాడు. ఊరంతా తెలుసు."

"అక్కా!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

మెహక్ ముఖం ఎర్రబడింది. "పని చెయ్యను వచ్చినావు గదా. తీసెయ్."

తహీర్ బాణం గుర్తును 'తీసెయ్' మీదకు తెచ్చాడు. వేలు కదల్లేదు.

"మెహక్, నేనన్నది తప్పు."

"అది తప్పని నాకు తెలవదా? నలభై మంది ముందు అన్నావు. ఆ నలభై మందికీ చెప్పు."

"ఇప్పుడు నలభై మందిని యాడ తెచ్చేది?"

"యాడోళ్ళు ఆడ్నే ఉండారు. వాకాడు ఇడిచి ఎవురూ పోలా."

తహీర్ విసురుగా లేచాడు. గుమ్మం దాటి ఒక చెప్పు వేసుకున్నాడు. రెండోది వేసుకోబోతుంటే ఎదురుగా చాంద్ బాషా గొడుగుతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు.

తహీర్ వేసుకున్న చెప్పు కూడా విడిచాడు.

"మామా, ఆ రోజు మీ ముందర షాపు మూసేస్తాది అన్నా. తప్పు మాట. మెహక్ షాపు మూయదు. మూయమనే హక్కు నాకు లేదు."

చాంద్ బాషా కూతురి వైపు చూశాడు.

"ఒకరు," అంది మెహక్.

"నేనమ్మే?" అంది మస్తానమ్మ.

"నువ్వు ఆ రోజు లేవక్కా."

"ఈ రోజు ఉండా గదా!"

"లెక్క లెక్కే."

చాంద్ బాషా గొడుగు తహీర్ చేతికిచ్చాడు. "ముందు మా ఇమాంబీ అక్క దగ్గరికి పో. నీ మాటకు అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే. గొడుగు మాత్రం నువ్వే తెచ్చియ్యాల, ఇంటికొచ్చి."

"మరి ల్యాప్‌టాప్?" అన్నాడు తహీర్.

"నలభై అయ్యేదాకా నాలుగు నిమిషాలే పట్టనీ," అంది మెహక్. "నాకేం తొందర లేదు."

తహీర్ వానలోకి దిగాడు. మెహక్ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. నిశ్చితార్థానికి షామియానా వేసిన చిన్నపోలయ్య టీ కొట్టు దగ్గర ఉన్నట్టున్నాడు. వాన చప్పుడును దాటి తహీర్ కేక వినిపించింది.

"చిన్నపోలయ్యన్నా, ఒక్క నిమిషం ఆగు. ఆ రోజు నేనన్న మాట..."

మెహక్ నవ్వలేదు. "రెండు," అంది, తనకు మాత్రమే వినపడేట్టు.

"నా జాకెట్టమ్మే!" అని మస్తానమ్మ లేచింది. "కుట్టు వంకర పోతా ఉంది, చూసుకో!"