సంచిలో దొరికిన వెన్న

వినోద మెట్లెక్కి వచ్చేసరికి సదానందం సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. ఆ సమయంలో ఆయన్ని పలకరించే ధైర్యం సాయికుమార్‌కి కూడా లేదు. అయితే ఆమె గుమ్మం దగ్గరే గోడ పట్టుకుని ఆగిపోయింది. చెప్పులు విప్పాలో వద్దో కూడా తేల్చుకోలేకపోతున్న ఆ మనిషిని చూసి సదానందం సాసర్ పక్కన పెట్టేశాడు.

సూరత్ డిండోలిలో నూలు దుకాణం పైన ఉన్న ఆ ఒక్క గదికి ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు ఉంది. పాండేసరలో బట్టలకు రంగులద్దే ఒక డైయింగ్ మిల్లుకి చాలా ఏళ్లు సెక్యూరిటీ ఆఫీసరుగా పనిచేసినవాడు సదానందం. అక్కడ దొంగలకంటే దొంగలని పేరుపడ్డ అమాయకులే ఎక్కువగా కనబడి, విసుగొచ్చి బయటికొచ్చాడు. సాయికుమార్ ఆయనకు సహాయకుడు, భక్తుడు కూడా. ముప్పై దాటినా సార్ మాట్లాడుతుంటే నోరు తెరుచుకుని వింటాడు.

"నేను దొంగను గాదు సారూ" అంది వినోద, కూర్చోకముందే.

"కూసో అమ్మా. దొంగవని ఎవలన్నరు?"

"అందరు అంటున్నరు."

నీళ్లు తాగాక ఆమె సంగతంతా చెప్పింది. భర్త రాములు భేస్తాన్‌లో మగ్గం నడుపుతాడు. పనికి పోయే తల్లుల పిల్లల్ని పగలంతా ఆమె తన ఇంట్లో ఉంచుకుని చూసుకుంటుంది. ఆ పిల్లల కోసం ఘర్‌సంపద సూపర్ మార్కెట్లో పిల్లల ఆహారం పొడి కొంటుంది. గుజరాత్ అంతటా దుకాణాలున్న ఆ పెద్ద సంస్థ దాన్ని తన సొంత పేరుతోనే అమ్ముతుంది. నిన్న కొత్త ప్యాకెట్ కత్తిరించబోతుంటే తడి వేలు తగిలి తేదీ స్టిక్కర్ ఊడింది. కింద ఇంకో తేదీ ఉంది, ఎప్పుడో గడిచిపోయినది.

"అంతకుముందు ప్యాకెట్ తిని సమ్మక్క కొడుకు కక్కుకున్నడు సారూ. ఇప్పుడు మంచిగనే ఉన్నడు. గీ డేట్ చూసినంక నాకు గుండె ఆగినంత పనైంది. గిదేందని అడుగుదామని ప్యాకెట్ సంచిల ఏసుకొని పోయిన. లోపలికి పోయి ఫ్రిజ్‌ల దిక్కు నాలుగడుగులు ఏసిన్నో లేదో, గేటుకాడి రాజమల్లు వాపస్ పిలిచి సంచి కౌంటర్‌ల పెట్టుమన్నడు. బయటి సామాను లోపటికి తేవద్దంట. ప్యాకెట్ గూడ అండ్లనే ఉండిపాయె. కంప్లైంట్ టేబుల్ కాడ సంధ్య అనే పిల్లకు చెప్తే, సార్ వస్తడు కూసోమన్నది. గంటసేపు కూసున్న. ఎవ్వలు రాలే. పిల్లలు నిద్ర లేస్తరని సంచి తీసుకొని బయటికి నడిచిన. గేటు మోగింది."

సంచిలోంచి అరకిలో వెన్న ప్యాకెట్ బయటపడిందట.

"గా బటర్ నా చేతులల్ల పట్టించి ఫోటో తీసిండ్రు. మంచుగడ్డ లెక్క ఉండె. చేతులు వణికినయి, సలికో భయానికో నాకే తెల్వదు. మేనేజర్ పోలీసులను పిలుస్తనన్నడు. మహేశ్ అని మన సిరిసిల్ల దిక్కోడే ఒకాయన అడ్డంబడ్డడు. ఫోటో తీసుకొని వదిలేద్దాం సార్, పేదామె అని బతిమిలాడిండు. కింద పడ్డ నా సామాన్లు గూడ ఆయననే ఏరి సంచిల పెట్టిచ్చిండు. పరాయి ఊర్ల మన భాష మాట్లాడేటోడు ఒక్కడున్నా ఎంత ధైర్యం సారూ. ఆయన లేకుంటే నేను ఠాణాల ఉందును."

సాయంత్రానికల్లా ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులో వాడంతా తిరిగింది. ఇవాళ ఒక్క తల్లి కూడా పిల్లల్ని తేలేదు. దొంగ చేతులకు పిల్లగాన్ని ఎట్ల ఇయ్యాలె అని సమ్మక్క గల్లీలో నిలబడి అందట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం వినోద ఏడ్చింది.

"ఆ పొడి ప్యాకెట్ ఏది?"

"ఇంటికి పోయి చూస్తే సంచిల లేదు. ఏడ పడ్డదో."

సదానందం చాయ్ సంగతి మరిచిపోయాడు. ఆయన చాయ్ మరిచిపోయాడంటే కేసు కొస దొరికినట్టేనని సాయికుమార్ నమ్మకం.

"సాయీ, మార్ట్ పక్కన డైరీల అరకిలో బటర్ కొను. బాగా గట్టిగున్నది చూసి తీసుకో. గుడ్డ సంచిల ఏసుకొని నా ఎంబడి రా. బిల్లు జేబుల పెట్టుకో, లేకుంటే నీకు గూడ ఫోటో తీస్తరు."

ఘర్‌సంపద చేరేసరికి మే నెల ఎండ నడినెత్తిన ఉంది. ముందు అలారం గేటు, అది దాటగానే అద్దాల వసారా. సంచుల కౌంటర్ ఆ వసారాలోనే ఉంది. ఏసీ చల్లదనం లోపలి తలుపు అవతలే ఆగిపోతుంది. రాజమల్లు చొక్కా వీపుకి అతుక్కుని ఉంది. సాయికుమార్ తన సంచి కౌంటర్‌లో పెట్టి టోకెన్ తీసుకున్నాడు.

"లోపటోళ్లకు ఏసీ, నాకు పొయ్యి" అన్నాడు రాజమల్లు, తెలుగువాళ్లని తెలిశాక. "పొద్దటి సంది గీ అద్దాలల్ల ఉడుకుతున్న సార్."

"నిన్న వినోద సంచి పెట్టినంక నువ్వు ఎటన్న పోయినవా?"

"ఎటు పోలే. జరసేపు ట్రాలీలు తేనీకి పార్కింగ్‌ల పోయిన, అంతే. అది గూడ డ్యూటీనే."

"ఎవలు పొమ్మన్నరు?"

రాజమల్లు అద్దంలోంచి లోపలికి ఒకసారి చూశాడు. "డ్యూటీ సార్" అని తల దించుకున్నాడు. సదానందం రెట్టించలేదు. ఉద్యోగం పోతుందని భయపడేవాడి ముఖం ఆయనకు మిల్లు రోజుల నుంచీ తెలుసు.

మేనేజర్ హితేశ్‌భాయ్ కుర్చీ చూపించలేదు, మంచినీళ్లూ ఇవ్వలేదు. కంప్యూటర్ తిప్పి కెమెరా దృశ్యం చూపించాడు. వినోద సంచి భుజాన వేసుకుని ఫ్రిజ్‌ల ముందు ఉంది. నూనె డబ్బాల గుట్ట అడ్డం వచ్చి ఆమె చెయ్యి కనబడటం లేదు.

"ఇక్కడే వెన్న సంచిలో వేసుకుంది. ఆ తర్వాత సంచి కౌంటర్‌లో పెట్టింది" అన్నాడు హిందీలో. "ఇంకేం కావాలి మీకు?"

"కౌంటర్ మీద కెమెరా ఉందా?"

"లేదు."

"పోలీసులను ఎందుకు పిలవలేదు?"

"నేను పిలుస్తాననే అన్నాను. మా మహేశ్ కాళ్లావేళ్లా పడ్డాడు. మీరు సరేనంటే ఇప్పుడైనా పిలుస్తాను."

బయటికి రాగానే సాయికుమార్ చెవిలో గొణిగాడు. "సార్, ఈ ఆద్మీ పక్కా గడ్‌బడ్. మనిషిలెక్కన మాట్లాడడమే రాదు."

"మాట్లాడడం రానోడల్లా దొంగైతే జైళ్లు సరిపోవు సాయీ."

కంప్లైంట్ టేబుల్ దగ్గర సంధ్య కళ్లు వాచి ఉన్నాయి. రాత్రంతా ఆ అక్కే గుర్తొచ్చిందని చెప్పింది. "నేనైతే వెంటనే ఆ పొడి చూసే సెక్షన్‌కు ఫోన్ చేసిన అంకుల్. అక్క సంచి కౌంటర్‌ల ఉన్నది, అండ్ల ప్యాకెట్ ఉన్నది, డేట్ మీద డేట్ అంటించిండ్రని అంతా చెప్పిన. వస్తున్న, కూసోబెట్టు అన్నరు. రాలే."

వాళ్లని వెతుక్కుంటూ వచ్చి పలకరించినవాడు మహేశ్ ఒక్కడే. చాయ్ తెప్పించాడు, ఊరు అడిగాడు, చేతులు పట్టుకున్నాడు.

"మనోళ్ల ఇజ్జత్ పోవద్దని నేనే ఆపిన అన్నా. ఏదో కష్టంల ఉండి తీసింది కావచ్చు. పోలీసులకాడికి పోతే ఆమె బతుకు ఆగమైతుండె."

"మంచి పని చేసినవ్ తమ్మీ. నువ్వేం చూస్తవ్ ఈడ?"

"డైరీ, పిల్లల సామాను."

"పిల్లల పొడి ఒక ప్యాకెట్ కావాలె. అల్మారల కనబడలే."

"అయిపోయిందన్నా. మస్తు పోతది."

సదానందం ఆ చాయ్‌ని సాసర్‌లో పోసుకోలేదు, అసలు తాగనేలేదు. కప్పు అక్కడే పెట్టి సాయికుమార్‌ని పంపి వినోదను పిలిపించాడు. ఆమె వచ్చాక అందరినీ మేనేజర్ గదిలోకి రమ్మన్నాడు. కౌంటర్‌లో ఉన్న సంచి తీసుకురమ్మని రాజమల్లుకి చెప్పాడు.

గదిలో ఏడుగురూ ఇరుక్కుని నిలబడ్డారు. వినోద తలుపు దగ్గరే ఆగింది. సదానందం గుడ్డసంచిలో చెయ్యి పెట్టి వెన్న ప్యాకెట్ తీశాడు. అది ఆయన వేళ్ల మధ్య మెత్తగా వంగిపోయింది. మడతల్లోంచి కారిన నూనె మేనేజర్ గారి అద్దాల బల్ల మీద పడింది.

"ఇది గట్టిగున్నప్పుడే మీ కౌంటర్‌లో పెట్టాం. రాజమల్లు టోకెనిచ్చాడు, డైరీ బిల్లు సాయి జేబులో ఉంది. గంట కూడా అయిందో లేదో" అన్నాడు సదానందం, అందరికీ అర్థమయ్యేలా హిందీలో. "హితేశ్‌భాయ్, నిన్న ఆమె సంచిలో దొరికిన వెన్న ఎట్లా ఉంది?"

మేనేజర్ నుదురు ముడిపడింది. "గట్టిగానే ఉంది. నేనే ఫ్రిజ్‌లో తిరిగి పెట్టించాను."

"వచ్చీరాగానే ఆమె దొంగిలించి ఉంటే, అది ఆ అద్దాల పొయ్యిలో గంటసేపు ఉండాలి. అయినా ఆమె చేతులు చలికి వణికాయి. అంటే ఆమె సంచి తీసుకోవడానికి కొద్దిసేపటి ముందే ఎవరో ఫ్రిజ్‌లోంచి తెచ్చి అందులో పెట్టారు. అప్పుడు ఆమె ఎక్కడుంది? సంధ్య కళ్ల ముందు, కంప్లైంట్ టేబుల్ దగ్గర."

"నా దగ్గర్నే ఉన్నది, లేవనే లేదు" అంది సంధ్య.

"ఎందుకు పెట్టారు అన్నది చూద్దాం. ఆమె దగ్గర ఏం దొరికిందని అందరూ అడుగుతున్నారు. ఆమె దగ్గర్నుంచి ఏం పోయిందని నేను అడిగాను. తేదీ మార్చిన ప్యాకెట్ పోయింది. కౌంటర్ దగ్గరే తీసేస్తే ఆమె వెంటనే అడుగుతుంది. గేటు మోగితే సంచి దులుపుతారు, సామాను కింద పడుతుంది, గందరగోళంలో ఒక ప్యాకెట్ మాయం చెయ్యడం సులువు. పైగా దొంగ అని ముద్ర పడ్డ మనిషి రేపు తేదీల గురించి అరిచినా ఎవరూ వినరు. ఇప్పుడు చెప్పండి, పోలీసులు రావద్దని పట్టుబట్టిందెవరు? ఆమె సామాను ఏరిందెవరు? సంధ్య ఫోన్ చేసిన సెక్షన్ ఎవరిది?"

ఎవరూ మహేశ్ వైపు చూడలేదు. చూడవలసిన అవసరం లేకపోయింది.

"నాకేం సంబంధం అన్నా" అన్నాడు మహేశ్. "ఆ కౌంటర్ కాడికి నేను పోనే లేదు."

రాజమల్లు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పోయినవ్ సార్. ట్రాలీలు తెచ్చుకో పో, కౌంటర్ నేను చూస్త అని నువ్వే పంపినవ్. నేను వాపస్ వచ్చేటాళ్లకు నీ చేతులకు తడి ఉన్నది, ప్యాంటుకు తుడుచుకున్నవ్. నౌకరి పోతదని చెప్పలే. తప్పైంది వినోదక్కా."

హితేశ్‌భాయ్ తాళాలు తీసుకుని గోడౌన్‌కి నడిచాడు. బియ్యం బస్తాల వెనక పిల్లల పొడి అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. పై పెట్టెలో సగం ప్యాకెట్లకు కొత్త తేదీలు అంటించి ఉన్నాయి, సగానికి ఇంకా అంటించలేదు. స్టిక్కర్ల చుట్ట అందులోనే ఉంది. మాట్లాడడం రాని ఆ మనిషి ఒక ప్యాకెట్ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. తన మనవడికి కూడా అదే పొడి పెడుతున్నామని చెప్పాడు.

మహేశ్ ఇక దాచలేదు. సొంత పేరుతో అమ్మే సరుకు పాడైతే వాపసు తీసుకునేవాడుండడు, ఆ నష్టం సెక్షన్ మనిషి పనితనం మీద రాస్తారు. అతను వచ్చే నెల వాపి ఊరి దుకాణానికి మేనేజర్‌గా పోవలసి ఉంది, ఆ రాత పడితే అది చేజారుతుంది. ప్యాకెట్ కాల్చేశానని, ఫోటో వాడలోకి పంపింది కూడా తనేనని ఒప్పుకున్నాడు.

వినోద అతని ముందుకొచ్చి నిలబడింది. "నిన్న ఇంటికి పోయి, దేవునికి దీపం పెట్టి, నీ పేరు చెప్పి మొక్కిన తమ్మీ" అంది. మహేశ్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

ఈసారి పోలీసులకు హితేశ్‌భాయే ఫోన్ చేశాడు. ఆహార భద్రత అధికారులకు కూడా కబురు వెళ్లింది. పెట్టెలకు సీలు వేయించి తమ పని అయిపోయిందన్నట్టు ఆయన చేతులు దులుపుకోబోతుంటే సదానందం ఆపాడు.

"అమ్ముడుపోయిన ప్యాకెట్ల సంగతేంటి? బిల్లు కొట్టేటప్పుడు ప్రతివాడి ఫోన్ నంబరూ అడుగుతారు కదా, ఆఫర్లు పంపడానికి. ఆ నంబర్లకే ఇది కూడా పంపండి. ఆ పొడి వాడొద్దని, వాపసు తెమ్మని. మిగతా దుకాణాలకు కూడా చెప్పండి, నష్టం సెక్షన్ మనిషి మీద రాసే రూలు అక్కడా ఉంది కాబట్టి."

మేనేజర్ హెడ్డాఫీసుతో అక్కడే మాట్లాడాడు. గంటలోపు సందేశాలు వెళ్లాయి. ఫోటో తిరిగిన గ్రూపులోనే, వినోద దొంగ కాదని, ఆమె వల్లే పాడైన సరుకు బయటపడిందని, క్షమించమని తన పేరుతో రాశాడు. సాయికుమార్ దాన్ని తెలుగులోకి మార్చి, పనిలో పనిగా రెండు మాటలు సొంతంగా కలిపాడు. సదానందం చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున వినోద ఇంటి ఎదుటి చాయ్ బండి దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. సదానందం పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. వినోద చాప పరిచి, ఉయ్యాల గుడ్డ సరిచేసి, గుమ్మంలో కూర్చుంది. షిఫ్టుకు పోయేవాళ్లు సైకిళ్ల మీద వెళ్లిపోతున్నారు. ఎవరూ ఆగడం లేదు.

"సార్, మెసేజ్ అందరూ చూసిండ్రు కదా" అన్నాడు సాయికుమార్, చాయ్ గ్లాసు చేతులు మారుస్తూ.

అప్పుడు గల్లీ మలుపులోంచి సమ్మక్క వచ్చింది. చంకలో కొడుకు నిద్రలో ఉన్నాడు. గుమ్మం ముందు ఆగింది. పిల్లాణ్ని వినోద ఒళ్లో పెట్టింది.

"ఇంకా ఏం తినలే. షిఫ్ట్ టైమైంది" అంది.

వినోద పిల్లవాడి తల సరిగ్గా భుజాన ఆనించుకుంది. "నేను తినిపిస్త. ఈసారి ఏం పెట్టేది గూడ ముందుగాల ఫోన్ చేసి నీకు చెప్త."

"ఫోనెందుకక్కా" అంది సమ్మక్క, అప్పటికే నడక మొదలుపెట్టి. "నువ్వున్నవు గద."