తీసుకెళ్ళే మనిషి

ఏడు కాకముందే క్లెమ్ ట్రెవిన్ కారు అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. స్వాన్‌హిల్‌లో బండి నడపలేని రోగులను రెండు గంటల దూరంలోని బెండిగో ఆసుపత్రికి తీసుకెళ్ళి, సాయంత్రానికి ఎవరి గుమ్మంలో వాళ్ళను దించి రావడం ఆయన పని. జీతం లేని పనే. అయినా డెబ్బై మూడేళ్ళ ఆ మనిషి తొమ్మిదేళ్ళుగా ఒక్క వారం కూడా మానలేదు. భార్య మేవిస్ పోయిన నెలలోనే ఈ పనికి పేరిచ్చాడు. ఇంట్లో ఊరికే కూర్చుంటే గోడలు మీద పడుతున్నట్టుండేది మరి.

కూతురు రొవీనా రెండేళ్ళ కిందట మొగుణ్ణి వదిలేసి రెండు పెట్టెలతో తిరిగొచ్చింది. "నీ గది అలాగే ఉంది" అన్నాడు తండ్రి. ఎందుకొచ్చావనీ, ఎన్నాళ్ళుంటావనీ అడగలేదు. అది మర్యాద అని ఆయన అనుకున్నాడు, పట్టనితనం అని ఆమె అనుకుంది. అప్పటినుంచి ఒకే కెటిల్‌లో నీళ్ళు కాచుకుని, ఎవరి టీ వాళ్ళు తాగుతున్నారు. ఒంటరిగా బతికేవాళ్ళకు కూడా ఇంత ఒంటరితనం ఉండదు.

స్కూల్లో ఆఫీసు పనికి బయల్దేరబోతూ రొవీనా గొడుగు కోసం తండ్రి కారు వెనక తలుపు తీసింది. సీటు మీద ఆసుపత్రి కాగితం కనిపించింది. ఎవరో మరిచిపోయారనుకుని చేతిలోకి తీసుకుంది. పేరు క్లెమ్ ట్రెవిన్. జబ్బు ప్రోస్టేట్ క్యాన్సర్. కింద 'మత్తు దిగాక ఇంటికి తీసుకెళ్ళే మనిషి' అన్న గడిలో కూడా తండ్రి చేతిరాతే, క్లెమ్ ట్రెవిన్. ఆ పేరును ఎవరో ఎర్ర సిరాతో కొట్టేసి, 'రోగి తనను తాను తీసుకెళ్ళడం కుదరదు. వచ్చే మంగళవారానికి వాయిదా' అని రాశారు.

"ఏంటిది నాన్నా?"

క్లెమ్ గుడ్డ పిండుతూ తలెత్తాడు. "ఓ, అదా! తొమ్మిదేళ్ళుగా అందరి కాగితాల్లో ఆ గడిలో నా పేరే రాస్తున్నానాయె. చెయ్యి దానంతటదే రాసేసింది. నర్సులు ఒకటే నవ్వు."

"నవ్వులాటగా ఉందా నీకు? ఎన్నాళ్ళైంది ఇది?"

"మార్చిలో చెప్పారు. ముదరలేదులే, రేడియేషన్‌తో పోతుందట."

"దానికి మత్తెందుకు?"

ఆయన పక్కింటి కంచె వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ గ్రంథికీ వెనకున్న పేగుకీ మధ్య సందే లేదట. రేడియేషన్ పెడితే పేగుకూ తగుల్తుంది. అందుకని సూదితో మధ్యలో జెల్ ఎక్కించి, పేగును కాస్త అవతలికి జరుపుతారు. ఆర్నెల్లకు అదే కరిగిపోతుందిట. మత్తిస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్ళి, ఆ రాత్రి పక్కనుండే మనిషి కావాలంటారు." గుడ్డను బకెట్లో పడేశాడు. "ఆ జెల్ నాకక్కర్లేదు, అది లేకుండానే కానిచ్చెయ్యండని ఇవాళ ఫోన్ చేస్తా."

"మరి పేగు పాడైతే?"

"అందరికీ పాడవదుట. పాడైతే రక్తం పడుతుంది, అంతే."

"అంతేనా!" రొవీనా గొంతు వీధంతా వినిపించింది. "ఊరందర్నీ మోస్తావు. నీకో మనిషి కావాల్సొస్తే ఇంట్లో నేను కనబడలేదా? నేనేమన్నా అద్దెకున్నానా?"

"నీ పని నీకుంది కదా."

"అడిగావా? ఒక్కసారి, ఒక్కసారన్నా అడిగి చూశావా?"

క్లెమ్, ఆ రోజు తీసుకెళ్ళాల్సిన హబ్బర్డ్ పెద్దావిడకు కంటి డాక్టరు దగ్గర ఆలస్యమవుతుందంటూ తాళాలు వెతుక్కున్నాడు. రొవీనా కాగితాన్ని కారు బానెట్ మీద పెట్టి, ఎర్ర గీత పక్కన తన పేరు రాసింది. కోపంలో కలం నొక్కితే కాగితం చిరిగింది.

"మంగళవారం నేను నడుపుతా. నువ్వు పక్కన కూర్చో."

మంగళవారం దారంతా క్లెమ్ కాలి కింద లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాడు. "లారీకి అంత దగ్గరగా పోకు" అన్నాడు. "కంగారూలొస్తాయి, చూసుకో" అన్నాడు. "ఇంకో మాటన్నావంటే దించేస్తా, నడిచి వద్దువుగాని" అంది కూతురు.

జెల్ చక్కగా కుదిరిందని మధ్యాహ్నం నర్సు చెప్పింది. రొవీనా తండ్రిని కారెక్కించి బెల్టు తనే పెట్టింది. ఊరు దాటాక ఆయన కళ్ళు తెరవకుండానే నెమ్మదిగా మాట్లాడాడు.

"మీకు శ్రమ ఇచ్చానమ్మా. ఇంత దూరం రావాల్సొచ్చింది."

ఆమె తిరిగి చూసింది. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. పక్కనున్నది తనలాంటి డ్రైవరెవరో అనుకుంటున్నాడు.

"ఇంట్లో ఎవరూ లేరా అండీ?" అంది మెల్లగా.

"ఉందండీ, మా అమ్మాయి. బంగారుతల్లి." బెల్టు సర్దుకున్నాడు. "దాన్ని అడక్కూడదు. ఇప్పటికే చాలా పడొచ్చింది. ఈ ముసలాణ్ణి మొయ్యాల్సొస్తే మళ్ళీ వెళ్ళిపోతుందేమో. పొద్దున్నే వంటింట్లో దాని కప్పు చప్పుడవుతుంది చూడండి, నాకది చాలు. ఆ చప్పుడు లేని ఇంట్లో నేనుండలేనండీ."

తండ్రికి అడ్డు కాకూడదని రెండేళ్ళుగా ఆ కప్పును ఎంతో మెల్లగా పెడుతోంది రొవీనా. ఆమెకు రోడ్డు కనిపించలేదు. కారు పక్కకు తీసి ఆపింది.

"ఆపారేం?"

"ఏం లేదండీ." ఆయన చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మాయి ఎక్కడికీ వెళ్ళదు."

"మీకెలా తెలుసు?"

"నేనే నాన్నా. రొవీనాని."

క్లెమ్ కళ్ళు తెరిచాడు. ఏడుస్తున్న కూతుర్ని చాలాసేపు చూసి, సిగ్గుపడి కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.