పన్నెండో గులాబీ

"అఫ్సాగారున్నారాండీ?"

తలుపు తీసిన అఫ్సాకి ఒళ్లు మండింది. ఈ 'గారు' ఏమిటి, ఈ 'అండీ' ఏమిటి!

ఎదురుగా అష్ఫాక్. వానలో సగం తడిశాడు. ఒక చేతిలో మడిచిన గొడుగు, మరో చేతిలో గులాబీల గుత్తి.

ఇద్దరిదీ విజయవాడే. అతనిది ఆటోనగర్, ఆమెది వన్ టౌన్. అయినా మొదటిసారి కలిసింది మాత్రం రష్యాలో, కజాన్‌లోని మెడికల్ స్టూడెంట్స్ హాస్టల్ వంటగదిలో, మాడిన పప్పుగిన్నె నీదంటే నీదని పోట్లాడుకుంటూ.

అది జరిగి నాలుగేళ్లయింది. ఇక్కడ ఒంటరిగా రోడ్డు దాటని అఫ్సా, అక్కడ గడ్డకట్టే చలిలో ట్రామెక్కి ఆస్పత్రికి వెళ్లడం నేర్చుకుంది. మంచినీళ్లయినా అమ్మ అందిస్తేగాని తాగని అష్ఫాక్, పదిమందికి బిర్యానీ వండే స్థాయికొచ్చాడు. జ్వరమొస్తే ఒకరికొకరు చారు కాచిపెట్టుకున్నారు. అక్కడ ఒకరినొకరు 'నువ్వు' అనుకున్నవాళ్లే. 2004 జూలైలో సెలవులకి ఊరొచ్చేసరికి అతనికి ఈ మర్యాదలు మొదలయ్యాయి.

"ఆంటీకి కంటి ఆపరేషన్ అయిందని తెలిసి..." నేలచూపులు చూస్తూ లోపలికొచ్చి, కంటికట్టుతో మంచమ్మీదున్న అఫ్సా తల్లి జమీలాకి పూలందించాడు.

అఫ్సా కళ్లు అలవాటుగా లెక్కపెట్టేశాయి. గబుక్కున వచ్చి ఒక గులాబీ లాగేసింది.

"పన్నెండా! ఎవరు పోయారని?"

"నేను పదకొండే కొన్నాను! పూలమ్మే అమలమ్మ ఒకటి కొసరేసింది."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతే, ఇక నవ్వు ఆగలేదు.

పేపరు చదువుతున్న అఫ్సా తండ్రి కాశిం తలెత్తాడు. ఆయనది గాజుల హోల్‌సేల్ వ్యాపారం. "ఏంటమ్మా అంత నవ్వు?"

"రష్యాలో సరిసంఖ్య పూలు పోయినవాళ్లకే ఇస్తారు, అబ్బాజాన్. ఫస్టియర్‌లో ఈయనగారు అనాటమీ మేడమ్‌కి పన్నెండు పట్టుకెళ్లాడు. ఆవిడ మొహం చూడాలి!"

"నెలరోజులు ఆవిడ కంటపడకుండా తిరిగానండీ," అన్నాడు అష్ఫాక్.

కాశిం నవ్వలేదు. కూతురి మొహమే చూస్తున్నాడు. అది గమనించిన అష్ఫాక్ చప్పున తలుపువైపు కదిలాడు. "వస్తానండీ, అఫ్సాగారూ."

వెనకే దిగొచ్చిన అఫ్సా మెట్ల కింద అతనికి అడ్డంగా నిలబడింది.

"మంచు మీద జారిపడతానని నా చెయ్యి పట్టుకుని నడిపించింది నువ్వేనా?"

"ఇది విజయవాడ, అఫ్సా. మీ నాన్నగారు ఏమనుకుంటారో..."

"అడిగావా? వచ్చేవారం గుంటూరు సంబంధంవాళ్లు వస్తున్నారు. అక్కడొక అష్ఫాక్, ఇక్కడొక అష్ఫాక్ అయితే నాకు ఇద్దరూ వద్దు."

వాన జోరందుకుంది. అష్ఫాక్ గొడుగు తెరిచాడు. ఒక్క క్షణం ఆగి మళ్లీ మూశాడు. రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తాడు.

"అంకుల్! నాకు అఫ్సా అంటే ఇష్టం. తనకి కూడా... అనుకుంటాను."

"అనుకోవడమేంటి? ఇష్టమే!" వెనకాలే వచ్చిన అఫ్సా అంది.

కాశిం నెమ్మదిగా పేపరు మడిచాడు.

"మొదటిసారి వెళ్లేటప్పుడు ఈ పిల్ల నా చొక్కా వదల్లేదు. ఇప్పుడు నా ఎదురుగా నిలబడి ఎలా చెబుతోందో చూడు!" ఆయన అష్ఫాక్ వైపు తిరిగాడు. "అంత చలిదేశంలో ఒక్కతే ఎలా ఉంటోందోనని బెంగపడేవాణ్ణి బాబూ. నవ్వడానికి నువ్వు తోడున్నావన్నమాట."

"నేను ఒంటికంటితోనే కనిపెట్టేశాను. రెండు కళ్లుండీ మీకు ఇంతసేపా?" అంది జమీలా.

"పెళ్లి మాత్రం చదువయ్యాకే, అబ్బాజాన్. ఇంకా రెండేళ్లు," అంది అఫ్సా.

"నాకూ అదే కావాలి," అన్నాడు అష్ఫాక్.

"అయితే శుక్రవారం నమాజయ్యాక మీ నాన్నని తీసుకురా. గుంటూరువాళ్లకి నేను ఫోన్ చేస్తాను."

శుక్రవారం అష్ఫాక్ తండ్రి ముస్తఫా మిఠాయి డబ్బాతో వచ్చాడు. మాట ఖాయమైంది.

ఆగస్టు చివర్లో ఇద్దర్నీ ఢిల్లీ రైలెక్కించడానికి రెండు కుటుంబాలూ కలిసి స్టేషన్‌కి వెళ్లాయి. బండి కదిలింది. ఒకే కిటికీలోంచి రెండు చేతులు ఊగుతూ దూరమవుతుంటే, కాశిం పక్కకి జరిగి ముస్తఫా భుజమ్మీద చెయ్యి వేశాడు.