అమ్ముడుపోయిన నాలుగు వందల బేళ్లు

1912 వేసవిలో ఒక ఉదయం, పుదుచ్చేరి డిటెక్టివ్ గోవిందరాజన్ ఎదుట జయమ్మాళ్ గుడ్డసంచిని రెండు చేతులా అదుముకుని కూర్చుంది. పొలం అమ్మగా వచ్చిన ఆరువేల రూపాయలు అందులో ఉన్నాయి. భర్త పోయాక ఆమెకు మిగిలింది అంతే.

"సాయంత్రం అయిదుకు ఇది పంకజవల్లి నీలిగుడ్డల కంపెనీలో వాటాలకు కట్టాల. మేనేజరు మా అన్నే, వీరరాఘవన్. లాభం పోయినేటికి రెండింతలంట. అంత లాభముంటే నా ఆరువేల కోసరం దినానికి మూడుసార్లు ఎందుకొస్తాడు సామీ?"

ఆమె తెచ్చిన కంపెనీ నివేదిక ఫ్రెంచిలో ఉంది. జయమ్మాళ్‌కు ఏ భాషా చదవడం రాదు. చిన్నప్పుడు అన్న నేర్పిన సంతకం ఒక్కటే వచ్చు. పొలం కాగితాల మీదా అతను చూపించిన చోటల్లా పెట్టానని చెప్పింది.

"లాభం ఎంతని చూడొద్దు దేవరాజా, ఎట్లొచ్చిందో చూడు," అన్నాడు గోవిందరాజన్ తన సహాయకుడితో. నివేదిక ప్రకారం ఏడాది చివరి వారంలో, ఆఫ్రికాకు ఎగుమతికని నాలుగు వందల గుడ్డబేళ్లు ఒకే వ్యాపారికి అరువు మీద అమ్మారు. పెరిగిన లాభమంతా ఆ ఒక్క అమ్మకమే. పైకం ఇంకా రాలేదు. దేవరాజన్‌కు అందులో తప్పేమీ కనబడలేదు. అరువు లేని వ్యాపారం ఎక్కడుంది?

వాళ్లిద్దరూ ముదలియార్‌పేట వెళ్లేసరికి కంపెనీ అద్దకం కొట్టం ముందు పనివాడు ఇరుసప్పన్ నీడన కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నీలి అద్దేవాడి చేతులు మోచేతి దాకా నీలంగా ఉండాలి. ఇతని గోళ్లు కూడా తెల్లగా ఉన్నాయి.

"నీలి తొట్టి ఆఖరున ముట్టింది దీపావళికి ముందు సామీ. ఈ చేతులు చూసి మా ఆడది, నువ్వు ఎవురి మొగుడివని అడగతా ఉండాది," అని నవ్వాడు.

గిడ్డంగి చూపించింది కూడా అతనే. ఆఫ్రికా ఓడ ఎక్కాల్సిన నాలుగు వందల బేళ్లూ గోడవారగా పడి ఉన్నాయి. ఒకదాని గోనె కొరికి ఎలుక పిల్లలు పెట్టింది.

అయిదింటికి కంపెనీ మేడ మీద వాటాదార్లందరి ముందూ వీరరాఘవన్ రసీదు పుస్తకం తెరిచాడు. జయమ్మాళ్ వెంట వచ్చిన గోవిందరాజన్ ఆ బేళ్ల అమ్మకం కాగితం చూపమన్నాడు. కొన్నవారి పేరు చెప్పకూడదన్నాడు వీరరాఘవన్. పెద్ద వాటాదారు అళగేశన్ చేతికర్ర నేలకు తాటించేసరికి పెట్టె తెరవక తప్పలేదు.

గోవిందరాజన్ ఆ కాగితం చదివి, ఒక తెల్ల కాగితం జయమ్మాళ్ ముందు పెట్టి సంతకం చేయమన్నాడు. దాన్ని అమ్మకం కాగితం పక్కన పెట్టగానే దేవరాజన్ రెండు సంతకాల మీదికీ వంగాడు. అదే వంకర, అదే తోక.

గోవిందరాజన్ వాటాదార్ల వైపు తిరిగాడు. "ఆరు నెలలుగా అద్దకం లేదు. సరుకు కదల్లేదు. పైకం రాలేదు. ఆ నాలుగు వందల బేళ్లు కొన్న వ్యాపారి ఈ అమ్మే. పొలం కాగితాల్లో కలిపి ఇదీ సంతకం పెట్టించినాడు. మీ లాభమంతా ఈమె నెత్తిన రాసిన అప్పు. లాభమని మీకు పంచింది మీరు కట్టిన వాటాల డబ్బే. ఈ ఆరువేలు వాటాలకని తీసుకుని, బేళ్ల పైకం రావడం మొదలైందని రాసేవాడు. అది చూసి మీరు ఇంకా తెచ్చేవాళ్లు."

అళగేశన్ చేతికర్ర వీరరాఘవన్‌కు అడ్డంగా పెట్టాడు. ఎవరో పోలీసుల కోసం పరిగెత్తారు.

జయమ్మాళ్ ఏడవలేదు. రెండు సంతకాల మీదా వేలితో దిద్దింది.

"నా వేలు పట్టుకుని దిద్దించినోడివి నువ్వే గదన్నా," అంది.

వీరరాఘవన్ రసీదు పుస్తకం మూశాడు. ఆమె సంచి చంకన పెట్టుకుని, తాను ఇప్పుడే చేసిన సంతకాన్ని చించి పిడికిట్లో బిగించి, మెట్లు దిగిపోయింది.