నాలుగు స్క్రూల మీద కుంకుమ

రఘునాథ్ రెండు అరచేతులూ నల్లగా కమిలిపోయి ఉన్నాయి.

సి.ఐ. యోగానంద ఒక్కసారి చూసి మొహం తిప్పుకున్నాడు. సర్వీసులో ఎన్నో శవాలు చూశాడు. ఇది మాత్రం ఐరాల హైస్కూల్లో తన పక్క బెంచీలో కూర్చున్నవాడి శవం.

విజయదశమి ఉదయం ఆరూ నలభై. తిరుపతి కొర్లగుంటలో ఇంటికి ఆనుకుని ఉన్న చిన్న షెడ్డు. నేల అప్పుడే కడిగినట్టుంది, ఇంకా ఆరలేదు. మధ్యలో రఘునాథ్ మూడేళ్ళుగా సరదాకి కట్టుకున్న సి.ఎన్.సి. రౌటర్. కంప్యూటర్ చెప్పినట్టల్లా మోటర్లు కదిలి చెక్క మీద బొమ్మలు చెక్కే మెషీన్. దానికి బంతిపూల దండ. ముందురోజు ఆయుధపూజ. ఇనుము కనిపించిన చోటల్లా గంధం, కుంకుమ.

"ఎట్ట జరిగింది చెల్లెమ్మా?"

రఘునాథ్ భార్య ప్రసన్నకుమారి గోడకు చేరగిలబడి ఉంది. ఏడవడం లేదు.

"తలకు పోసుకోని వచ్చినాడన్నా. స్విచ్ వేసినాడు. రెండు చేతులూ మెషీన్‌కి తాకించి కళ్ళకద్దుకుందామని వంగినాడు. చెయ్యి మళ్ళీ ఊడి రాలేదు."

"చెప్పులు?"

"పూజ రోజు చెప్పులెట్ట వేస్తాడు? మూడేళ్ళ కింద ఆయన పాఠాలు చెప్పే పాలిటెక్నిక్‌లో ఒక పిల్లోడు మోటర్ షాక్‌తో పోయినాడు గదా. అప్పటినుంచీ రబ్బరు చెప్పుల్లేందే షెడ్డులో కాలు పెట్టడు. ఒక్క ఈ పండక్కి తప్ప."

బయట బైక్ ఆగింది. ధనంజయ లోపలికి పరుగెత్తుకొచ్చాడు. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో టూల్‌రూమ్ ఫోర్‌మన్. ఆదివారాలు వచ్చి ఈ మెషీన్ ఫ్రేమంతా బిగించింది ఇతనే. శవాన్ని చూసి నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత మెషీన్ వెనక ఉన్న కంట్రోల్ బాక్సు వైపు నడిచాడు.

"బాక్సు నేను సూస్తా సార్. ఎవురన్నా తాకితే ఇంకో పానం పోతాది."

"మెయిన్ తీసేసినాము. నువ్వు బయట నిలబడు."

ధనంజయ బయటికి వెళ్ళాడు. బాక్సు కోసం అతను పడిన ఆత్రాన్ని యోగానంద పట్టించుకోలేదు. ఆయనకు ఆ క్షణంలో ఒకటే కావాలి. ఎవడో ఒకడి మెడ.

ఫొటోలు తీయించాక ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ బాక్సు మూత విప్పాడు. లోపల చూసి నోరు చప్పరించాడు.

"మెషీన్ బాడీకి పోయే పచ్చ వైరు ఎర్త్‌లో ఉండాలి సార్. దీన్ని తెచ్చి ఫేజ్‌లో బిగించారు. స్విచ్ వేస్తే ఇనుమంతా కరెంటే."

"బాక్సు ఆఖరున విప్పింది ఎవరు?"

"ఏబెల్," అంది ప్రసన్నకుమారి. "మా ఎలక్ట్రీషియన్. పూజకు ముందురోజు వచ్చి మోటర్ రిపేరు చేసినాడు."

"తర్వాత ఎవరూ విప్పలేదా?"

హెడ్ కానిస్టేబుల్ గోవిందస్వామి కల్పించుకున్నాడు. "యాడ సార్? నాలుగు స్క్రూల మీదా పూజ బొట్లు చెక్కుచెదరకుండా ఉండె. నేనే సూసినా."

అంతే. యోగానందకు కావలసిన మెడ దొరికింది.

"వాడు యాడుండాడు?"

"పులికాట్ సరస్సు పక్క, అత్తగారి ఊరికి పోయినాడంట," అన్నాడు గోవిందస్వామి.

పారిపోయాడన్నమాట. ప్రసన్నకుమారి లేచి వచ్చి యోగానంద ఎదురుగా నిలబడింది.

"వాణ్ణి వదలొద్దన్నా. వాడు కటకటాల్లో కుళ్ళిపోవాల. మీ స్నేహితుడి మీద ఆన."

ఆన పెట్టక్కర్లేదు. ఆయన అప్పటికే జీపుని పులికాట్ వైపు పంపమని గోవిందస్వామికి సైగ చేశాడు.

*

సాయంత్రానికి ఏబెల్‌ని తెచ్చారు. బక్కపలచటి మనిషి. చొక్కాకి ఇంకా చేపల వాసన. స్టేషన్లో అడుగుపెట్టగానే యోగానంద లేచి వెళ్ళి చెంప మీద ఒక్కటి పీకాడు. కళ్ళద్దాలు ఎగిరి బెంచీ కింద పడ్డాయి.

"ఎందుకు చంపితివిరా?"

ఏబెల్ వంగి అద్దాలు తీసుకున్నాడు. ఒక అద్దం పగిలింది.

"నేను చంపలే సార్."

"బాక్సులో ఏం చేసితివి?"

"మెషీన్‌ని అడ్డంగా జరిపే ఎక్స్ మోటర్ వణకతా ఉండింది సార్. చెక్కను కోసే పెద్ద మోటర్ తిరిగితేనే వణుకు. రెండిటి వైర్లూ ఒకే పైపులో పోతాండాయి. ఆ కరెంటు ఈ వైరును చెడగొడతా ఉండాది. రెండిటినీ ఇడగొట్టినా. మోటర్ వైరు మీద సన్న తీగల జాలీ ఉంటాది, దాన్ని ఎర్త్‌కి కలిపినా."

"అంటే ఎర్త్ విప్పితివి."

"విప్పినా. మళ్ళా ఎర్త్‌లోనే పెట్టినా."

"పొరపాటున ఫేజ్‌లో పెట్టితివి!"

"లేదు సార్." గొంతు పెరగలేదు. "నా చేత్తో పెట్టింది నాకు తెలుసు. మీరు ఇంకో చెంప మీద కొట్టినా అదే చెప్తా."

యోగానంద చెయ్యి మళ్ళీ లేవబోయింది. ఎందుకో ఆగింది. మర్నాడు కోర్టులో పెడితే చిత్తూరు జైలే. లైసెన్సు పోతుంది. ఇంక ఏ ఇంట్లోనూ ఇతన్ని స్విచ్ కూడా ముట్టుకోనివ్వరు. పోనీ, పోవాలి అనుకున్నాడు. ఆ మాట అనుకుంటే హాయిగా ఉంది.

హాయి ఎక్కువసేపు నిలవలేదు. స్టూడియో నుంచి ఫొటోలు వచ్చాయి.

*

మర్నాడు ఉదయం యోగానంద ఫొటోలు పట్టుకుని కొర్లగుంట వెళ్ళాడు. ప్రసన్నకుమారి ముందు రెండు పెట్టాడు.

"బొట్లు పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"ఎట్ట పెడతావు?"

"ఎట్టేముంది? ముందు గంధం, దాని మీద కుంకుమ. మా అత్త నేర్పింది. గంధం లేకుండా కుంకుమ పెడితే ఊరుకునేది కాదు."

ఒక ఫొటోలో మెషీన్ ఫ్రేము. ప్రతి ఎర్రబొట్టు చుట్టూ పసుప్పచ్చటి గంధం. రెండోది కంట్రోల్ బాక్సు మూత. నాలుగు స్క్రూల మీదా ఎర్రగా కుంకుమ ఉంది. గంధం జాడ లేదు.

ప్రసన్నకుమారి చాలాసేపు చూసింది. "ఇవి నావి కావన్నా. ఈ నాలుగింటికీ గంధం నిండుగా పెట్టినా. స్క్రూ తల మీది గాడి మూసుకుపోయేట్టు పెట్టినా."

"ఇంకొకటి. ఏబెల్ పోయినాక మెషీన్ ఎవరన్నా ముట్టుకున్నారా?"

"నేనే ముట్టుకున్నా. ఆయన మోటర్ తిప్పి చూసుకుంటా ఉండె. నేను పక్కన తడిగుడ్డ పెట్టి తుడస్తా..." ఆమె తన కాళ్ళ వైపు చూసుకుంది. "ఒట్టి కాళ్ళతోనే ఉన్నా."

"షాక్ కొట్టిందా?"

"లేదు."

"ఈ మాట నిన్న ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు గదన్నా. నాకు వాడు చావాలనే ఉండింది. ఇంకేం గుర్తుకొస్తాది?"

యోగానందకు కోపం రాలేదు. తనకూ అంతే ఉండింది మరి. ఏబెల్ చెంప మీద తన వేళ్ళ గుర్తులు ఇంకా మాసి కూడా ఉండవు. మొహం చెల్లలేదు ఆయనకు.

"పూజ అయినాక షెడ్డు మూసినారా?"

"దీపం వెలగతా ఉంటే షట్టర్ దించరు గదా. మేము పక్కింటి బొమ్మల కొలువుకి పోయినాము. ధనంజయ ప్రసాదం తింటా ఈడే కూర్చున్నాడు. ఎదురుగా శ్రీనివాసులు అంగడి కూడా తెరిచే ఉండింది."

శ్రీనివాసులుది చెక్కబొమ్మల అంగడి. రఘునాథ్ మెషీన్ మీద దేవుడి పలకలు చెక్కడం మొదలెట్టిన నాటినుంచీ ఇద్దరికీ పడదు. "నా పొట్ట కొడతా ఉండావు, నీ మెషీన్‌ని నీ మీదే తోస్తా" అని వీధిలో నిలబడి అరిచినవాడు. గోవిందస్వామికి ఆ మాట చాలు. అప్పుడే సంకెళ్ళు తీస్తున్నాడు.

"ఆగప్పా," అన్నాడు యోగానంద. ఒకసారి చెంప పగలగొట్టి తెలుసుకున్నది చాలు. ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి భూతద్దం పెట్టాడు. కుంకుమ పలచగా ఉన్న చోట స్క్రూ గాడి లీలగా కనిపిస్తోంది. నాలుగింటినీ చూశాడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి ఏబెల్ బిగించిన మీటర్ బోర్డు చూశాడు. ధనంజయ బిగించిన మెషీన్ ఫ్రేము చూశాడు.

బయటికి వచ్చి, "అందరినీ పిలిపించు," అన్నాడు.

*

పదకొండుకి షెడ్డులో అందరూ ఉన్నారు. శ్రీనివాసులు చేతులు కట్టుకుని ఎగాదిగా చూస్తున్నాడు. ధనంజయ తల దించుకుని ఉన్నాడు. ఏబెల్ పగిలిన అద్దంలోంచి నేలను చూస్తున్నాడు. ప్రసన్నకుమారి తలుపు దగ్గర నిలబడింది.

"మెషీన్ చిత్తూరు కోర్టుకు పోవాల," అన్నాడు యోగానంద. "దారిలో మూత కదలకుండా బిగించాల. మీరే సాక్షులు. తలా ఒక స్క్రూ బిగించండి."

శ్రీనివాసులు గొణుక్కుంటూ ఒకటి బిగించాడు. ఏబెల్ ఒకటి బిగించాడు. స్క్రూడ్రైవర్ ధనంజయ చేతికి వచ్చింది. ముందు ఒకటి బిగించాడు. గట్టిపడ్డాక గాడి నిలువుగా వచ్చేదాకా ఇంకొంచెం తిప్పాడు. మిగిలిన నాలుగోదీ అంతే. స్క్రూడ్రైవర్ ఇవ్వబోయి ఆగాడు. ఏబెల్ బిగించింది వంకరగా ఉంది. శ్రీనివాసులుది అడ్డంగా ఉంది. అతని చెయ్యి ఊరుకోలేదు. రెండింటినీ సరిచేశాడు. ఇప్పుడు నాలుగు గాళ్ళూ నిలువుగా, ముచ్చటగా నిలబడ్డాయి.

"ఎందుకు తిప్పితివి ధనంజయా?"

"ఏంది సార్?"

"వాళ్ళు బాగానే బిగించినారు గదా. ఎందుకు తిప్పితివి?"

"అలవాటు సార్. టూల్‌రూమ్‌లో గాళ్ళు వంకరగా ఉంటే మా పెద్దాయన చేతిమీద కొట్టేవాడు."

యోగానంద ఫొటో తీసి మెషీన్ మీద పెట్టాడు.

"ఏబెల్ బిగించిన మీటర్ బోర్డు అదిగో. ఒక్క గాడీ నేరుగా లేదు. నువ్వు బిగించిన ఫ్రేము ఇదిగో. ఒక్కటీ వంకర లేదు. ఏబెల్ మూసిన ఈ బాక్సు మీద, చావు జరిగిన పొద్దున, నాలుగూ నిలువుగా ఎట్ట నిలబడినాయి?"

ధనంజయ స్క్రూడ్రైవర్‌ని మెషీన్ మీద పెట్టాడు.

"పూజ అయినాక మూత విప్పితివి. గాళ్ళలో గంధం గీకేస్తివి. వైరు మార్చి మళ్ళా బిగిస్తివి. పళ్ళెంలో కుంకుమ మిగిలుండింది, గంధం ఎండిపోయుండింది. ఒట్టి కుంకుమ అద్దితివి. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి వైరు మళ్ళా మార్చేద్దామనుకుంటివి. నేను నీకంటే ముందొస్తిని. ఔనా?"

ధనంజయ నెమ్మదిగా తలెత్తాడు. ఆ కళ్ళలో భయం లేదు. మూడేళ్ళుగా కాచిపెట్టుకున్నది పొంగుతోంది.

"చిన్నబ్బ నా తమ్ముడు సార్."

ప్రసన్నకుమారి ఉలిక్కిపడింది. "పాలిటెక్నిక్‌లో పోయిన పిల్లోడా?"

"పిల్లోడే. ల్యాబ్‌లో మోటర్ ఎర్త్ వైరు ఊడి వేలాడతా ఉండె. నీ మొగుడు చూసుకోల్యా. ఎంక్వయిరీలో ఏమని చెప్పినాడో తెలుసునా? తడి చేత్తో, చెప్పుల్లేకుండా ముట్టుకున్నాడు, తప్పు పిల్లోడిదే అన్నాడు. మా నాయన ఆ మాట ఇన్నాక మంచమెక్కినాడు. మళ్ళా దిగల్యా."

ధనంజయ మెషీన్ ఫ్రేము మీద అరచేత్తో చరిచాడు.

"నేనెవురో ఆయన ఒక్క రోజన్నా అడిగినాడా? ఆదివారం ఆదివారం ఈడ కూర్చోని ఆయన ఫ్రేము బిగించినా. తడి చేతులు, ఒట్టి కాళ్ళు. అట్టనే సావాల. ఆయన మీద కూడా అదే మాట చెప్పాల, తప్పు ఆయనదే అని. పగ తీరింది సార్. ఉరి ఏసేయండి."

ప్రసన్నకుమారి మీదికి దూకబోయింది. గోవిందస్వామి అడ్డం పడ్డాడు. యోగానంద చెయ్యి కూడా ఉరికింది. స్నేహితుడి కమిలిన చేతులు కళ్ళ ముందున్నాయి. ఆ గొంతు పట్టుకుని నులిమేయాలని ఉంది. నులమలేదు. దానికంటే గట్టిగా తగిలేది ఒకటుంది.

"నీ తమ్ముడు తప్పు చేయలేదు. అయినా తప్పు వాడి మీద మోపినారు. ఆ మంటతోనే గదా ఇది చేసితివి?"

"ఔ."

"నిన్న ఏబెల్‌ని పట్టుకురమ్మని జీపు పంపినప్పుడు ఈ వీధిలోనే నిలబడి ఉండావు. వాడూ తప్పు చేయలేదు. తప్పు వాడి మీద మోపతా ఉంటే చూస్తా ఉండావు. నోరు తెరిచితివా?"

ధనంజయ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రఘునాథ్ ఏం చేసినాడో నువ్వూ అదే చేసితివప్పా. పో. జైల్లో కూర్చోని మీ నాయనకు ఆ సంగతి చెప్పుకో."

అప్పుడు వంగింది ధనంజయ తల. సంకెళ్ళు వేసేటప్పుడు ఏబెల్ వైపు చూడబోయి చూడలేకపోయాడు.

*

జీపూ శ్రీనివాసులూ వెళ్ళాక షెడ్డులో ముగ్గురే మిగిలారు. యోగానంద ఏబెల్ దగ్గరికి నడిచాడు.

"ఏబెలప్పా, నువ్వు ఇంటికి పోవచ్చు. కళ్ళద్దాలు నేను కొనిస్తా."

ఏబెల్ కదల్లేదు.

"ఆ వైరు అట్టనే ఉండాది సార్. కోర్టుకు ఫొటోలు తీసుకున్నారు గదా. సరిచేసి పోతా."

మూత విప్పాడు. పచ్చ వైరు ఫేజ్ నుంచి తీసి ఎర్త్‌లో పెట్టి బిగించాడు. మూత మూశాడు. గాళ్ళు నాలుగూ నాలుగు పక్కలకు తిరిగాయి. వెళ్ళి మెయిన్ వేశాడు. మెషీన్ మీద ఎర్రలైటు వెలిగింది.

"నేను పెట్టింది ఎర్త్‌లోనే అని చెప్తే ఆ పొద్దు మీరు నమ్మలేదు సార్."

"ఔనప్పా."

"ఇప్పుడూ ఎర్త్‌లోనే పెట్టినా." పగిలిన అద్దంలోంచి నేరుగా చూశాడు. "బూట్లు ఇప్పండి. చెయ్యి పెట్టండి."

యోగానంద వంగి బూట్లు విప్పాడు. మేజోళ్ళు కూడా తీశాడు. ఏబెల్ బకెట్‌లో నీళ్ళు ముంచి ఆయన కాళ్ళ దగ్గర కుమ్మరించాడు. కాళ్ళ కింద నేల చల్లగా తగిలింది. ఏబెల్‌ని కొట్టిన ఆ కుడిచెయ్యే చాచాడు. ఇనుముకి జానెడు దూరంలో అది ఆగింది. ఏబెల్ దాన్ని తీరిగ్గా చూశాడు.

యోగానంద కళ్ళు మూసుకుని అరచెయ్యి ఇనుము మీద పెట్టాడు.

ఏమీ కాలేదు.

కళ్ళు తెరిచేసరికి ఏబెల్ తన సామాన్ల సంచి భుజాన వేసుకుని గేటు దాటుతున్నాడు.