అమ్మ చేతి పుదీనా రమ్ము

భళ్ళుమన్న చప్పుడుకి చిట్టి గుండె ఝల్లుమంది. చేతిలోని దిండు సోఫా మీద పడేసి వంటగదిలోకి పరుగెత్తింది.

అమ్మ నేల మీద కూలబడి ఉంది. చుట్టూ గాజుపెంకులు! ఒళ్లో ఓ అట్టపెట్టె. అందులో స్టీలు షేకరు, పొడుగాటి చెంచా, చిన్న జల్లెడ, కొలతగిన్నె... ఇరవై ఆరేళ్లు పెద్ద హోటలు బార్‌లో అమ్మ చేతుల్లో ఆడిన సామాను. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక మళ్లీ ఎవరూ ముట్టుకోని సామాను.

"ఏం చేస్తున్నావమ్మా? ఒక్క కేక వేస్తే నేను రానా?"

"దాచేద్దామని..." అమ్మ తలెత్తలేదు. "నన్ను చూడ్డానికి మీ అత్తగారు వస్తున్నారు కదే! షెల్ఫులో ఇవన్నీ కనబడితే నువ్వు చెప్పిన మాట అబద్ధమైపోదూ?"

చిట్టికి ఎవరో చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. నాలుగేళ్ల కిందట, పెళ్లి మాటలప్పుడు, "మా అమ్మ హోటల్లో రిసెప్షన్ చూసుకుంటుంది" అని తనే అంది. పక్కనే కూర్చున్న అమ్మ ఒక్క క్షణం ఆగి, "అవునండీ" అంది. అంతే! ఆనాటి నుంచి ఆ ఒక్క మాటనీ మోస్తూనే ఉంది.

చిట్టికి రెండేళ్లప్పుడు నాన్న పోయాడు. అమ్మ ఆ హోటల్లో గ్లాసులు కడిగే పనిలో చేరింది. కడుగుతూనే కౌంటరు వైపు ఓ కన్నేసి పని నేర్చుకుంది. ఆరేళ్లకి ఆ కౌంటరు వెనక నిలబడ్డ మొదటి ఆడమనిషి అయింది. ఇన్నేళ్లలో ఒక్క గుక్క తాగి ఎరగదు. స్ట్రా కొసతో ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని రుచి చూస్తుంది, అంతే. అలాంటి అమ్మ గురించి బడి కాగితంలో "తల్లి చేసే పని" అన్నచోట చిట్టి ఖాళీ వదిలేసింది. అమ్మ ఆ ఖాళీని చూసి కూడా, ఏమీ అడక్కుండా, కింద సంతకం పెట్టి ఇచ్చేసింది...

కాలింగ్ బెల్ మోగింది.

అత్తయ్య వచ్చేసింది! హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. చెప్పిన వేళకి పావుగంట ముందే వచ్చే అలవాటు ఇంకా పోలేదు. "ఏమిటా చప్పుడు? వదినగారికి ఏమీ కాలేదు కదా!" అంటూ, దగ్గరగా వేసి ఉన్న తలుపు తోసుకుని నేరుగా వంటగది గుమ్మంలోకే వచ్చి నిలబడింది.

అప్పటికి చిట్టి అమ్మని లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. "గ్లాసు జారిందండీ, ఏం లేదు," అని నవ్వుతూనే అమ్మ, ఎడంకాలితో ఆ అట్టపెట్టెని మెల్లగా బల్ల కిందకి నెడుతోంది. చిట్టి ఆ కాలిని చూసింది. జబ్బుతో ఉన్న మనిషి, తను గర్వపడాల్సిన బతుకుని తనే కాలితో నెట్టేసుకుంటోంది! ఎవరి కోసం?

"అత్తయ్యా! మా అమ్మ రిసెప్షన్‌లో ఎప్పుడూ పనిచెయ్యలేదు. ఇరవై ఆరేళ్లు బార్‌లో చేసింది. మందు కలిపేది. మీకు అబద్ధం చెప్పింది నేను. అమ్మ కాదు!" చిట్టి వంగి, బల్ల కింది అట్టపెట్టెని బయటికి లాగింది.

అత్తయ్య చీపురు తెచ్చి, పెంకులన్నీ ఊడ్చి, అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాలుగేళ్లు నన్ను నమ్మలేదన్నమాట. అది కష్టంగా ఉందే చిట్టీ... చాలా కష్టంగా ఉంది." తర్వాత అమ్మ వైపు తిరిగింది. "వదినగారూ, ఉన్నమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. జనాన్ని తాగుడికి అలవాటు చేసే పని కదా! మనసు ఎలా ఒప్పిందండీ?"

అమ్మ తడబడలేదు. "ఎన్నోసార్లు ఒప్పలేదండీ. మొహం చూస్తే తెలిసిపోతుంది, ఎవరికి ఎంత పొయ్యాలో, ఎవరికి పొయ్యకూడదో. ఒకమ్మాయి వచ్చేది. భర్త పోయాడు. రోజూ అదే కుర్చీ, అదే పుదీనా రమ్ము. వద్దంటే ఇంకోచోటికి పోతుంది. అందుకని వారానికి ఓ చెంచా చొప్పున రమ్ము తగ్గించుకుంటూ పోయాను. నెలన్నరకి గ్లాసులో మిగిలింది పుదీనా, నిమ్మరసం, సోడా. ఆ రోజు తాగి, 'ఇవాళ్టిది అన్నిటికన్నా బాగుంది' అంది. అప్పుడు నిజం చెప్పాను. కౌంటరు మీద తల పెట్టుకుని ఏడ్చింది... మర్నాటి నుంచి రాలేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నాకెంత సంతోషమో!"

చిట్టి చటుక్కున అమ్మ వైపు తిరిగింది. ఇదెప్పుడూ చెప్పలేదే! అసలు తనెప్పుడు అడిగింది గనక?

అత్తయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఆ పుదీనా రమ్ము నేనూ ఒకసారి రుచి చూడాలి. చెయ్యండి వదినగారూ!"

"చెయ్యి లేదు కదండీ..." అమ్మ మొహం వాడిపోయింది.

"నావి రెండున్నాయమ్మా!" అంది చిట్టి.

కిటికీ దగ్గర కుండీలోంచి పుదీనా తుంచింది. నిమ్మకాయ కోసింది. పొడుగు గ్లాసులో రెండు చెంచాల పంచదార, నిమ్మరసం వేసి కరిగించింది. ఆకులు వేసి, చెక్క గరిటె కాడతో దంచబోయింది.

"ఆగు! పచ్చడి చేస్తున్నావా?" అమ్మ గొంతు ఖంగుమంది. మూడు నెలల తర్వాత ఆ గొంతు! "నలిగితే చేదెక్కుతుంది. ఊరికే అదమాలి. ఇటియ్యి!"

అమ్మ నాలుగు ఆకులు తీసుకుని, పడిపోయిన కుడి అరచేతిలో పెట్టుకుంది. ఎడంచేత్తో ఒక్క చరుపు చరిచింది. టప్‌మని మోగింది. గదంతా పుదీనా వాసన గుప్పుమంది! అత్తయ్య "అబ్బ!" అంది. చిట్టి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఈ చేతుల గురించా తను సిగ్గుపడింది?

అట్టపెట్టె అడుగున, హోటలు వాళ్లు ఎప్పుడో కానుకగా ఇచ్చిన తెల్ల రమ్ము సీసా మూత కూడా తియ్యకుండా ఉంది. అందులోంచి కొలతగిన్నెలో సగానికి పోయించింది అమ్మ. చితక్కొట్టిన ఐసు నిండుగా వేయించి, పైన సోడా పోయించి, "కింద నుంచి పైకి, ఒక్కసారే కలుపు" అంది. అత్తయ్య ముందు అనుమానంగా చప్పరించింది. తర్వాత గట్టిగా ఓ గుక్క తాగింది.

"ఇన్నాళ్లూ రిసెప్షన్ అని చెప్పి నన్ను మోసం చేశారు కదండీ!"

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే చిట్టి అమ్మ ఒళ్లో తల దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "క్షమించమ్మా!" అమ్మ ఎడంచేత్తో జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

అత్తయ్య అప్పటికే ఫోనులో, కింద ఉండిపోయిన మామయ్యతో, వీధి చివరికి వినబడేంత గట్టిగా చెబుతోంది. "కారులో ఎందుకు కూర్చున్నారు? పైకి రండి! వదినగారు బార్‌లో ఇరవై ఆరేళ్లు చేశారట! అవును, బార్‌లోనే! ఆ చేతిలో ఎంత పనితనముందో వచ్చి చూడండి!"

అమ్మ పైటతో కళ్లొత్తుకుని, కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చుంది.

"ఇంకో గ్లాసు పెట్టవే చిట్టీ."

"రమ్ము ఎంత పొయ్యనమ్మా?"

"ఆగు," అంది అమ్మ గుమ్మం వైపు చూస్తూ, "ముందు ఆయన మొహం చూడనీ."